ఏబదిముగ్గురి పేర్లు
(గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున గావించిన ఉపన్యాసము)



తర్పణము విడుచువాడు మొదట గోత్రము చెప్పును, పిమ్మట పేరు చెప్పును. ఆ తరువాతనే నువ్వులు, నీళ్లు విడుచును. ముత్తాత పేరు జ్ఞప్తికి రాకున్నచో పురోహితుడు కార్యము నాపి, ఇంటిలోని పెద్దలను అడిగి రమ్మనును. నీళ్లకు కొదువ లేదు, నువ్వులకు కొదువ లేదు, పేరునకే కొదువ. మృతుని స్మరించుట యనగా అతనిని పేరు పెట్టి పిలుచుటయే యని మన పెద్దలు ఎరిగియుండిరి.

మహాభారతమున స్త్రీపర్వము చదివినవారికి ఈ సంగతి మరింత విశదమగును. యుద్ధము ముగిసినది. కురుక్షేత్రము నిండ శవములు. ధృతరాష్ట్రుడు ధర్మరాజును చచ్చినవారి లెక్క అడిగెను. ధర్మరాజు లెక్క చెప్పి, విదురుడు, సంజయుడు, ధౌమ్యుడు మొదలగువారిని పిలిచి, దిక్కులేక పడియున్నవారికి సైతము దహనసంస్కారములు లోపము లేక జరిపింపుడని నియమించెను. అందరును గంగ కేగి ఉదకములు విడుచు వేళ కుంతి నోరు విప్పినది: కర్ణుడు మీ యన్న, అతనికిని ఉదకము విడువుడని. ఆ ఒక్క మాటతో సూతపుత్రుడని పిలువబడినవాడు కౌంతేయుడాయెను. ఆ మాట చెప్పకయే ఆమె ఇల్లు చేరియుండినచో కర్ణునికి తమ్ములచేతి నీళ్లు దక్కకపోయెడివి.

నేడు ఊరూర మాజీ సైనికులు సంఘములుగా ఏర్పడి స్మారకస్తంభములు నిలుపవలెనని, ఏటేటా స్మృతిదినములు జరుపవలెనని తలపెట్టుచున్నారు. ఇది మిక్కిలి మెచ్చదగిన ఉద్యమము. అయితే స్తంభ మెంత ఎత్తు, చలువరాయి ఎక్కడిది, ఆవిష్కర్త ఎవరు అను చర్చలలో ఒక ముఖ్యవిషయము మరుగున పడుట కద్దు. దానిని తెలుపుటకు సముద్రములకు ఆవల నున్న ఒక స్మారకము కథ చక్కని నిదర్శనము. అక్కడ కుంతి చెప్పిన మాట వంటి మాట కొరకు 53 మంది భారతీయ సైనికులు 89 ఏండ్లు వేచియుండవలసి వచ్చినది.

1914 వ సంవత్సరమున మొదటి ప్రపంచయుద్ధము ఆరంభమయినప్పుడు, ఆ సెప్టెంబరు నెలాఖరునకు మన దేశపు సేనలు ఓడలలో ఫ్రాన్సు దేశపు మార్సేల్స్ రేవునకు చేరెను. ఎన్నడెరుగని చలి, బురద నిండిన కందకములు, ఫిరంగి గుండ్లు. గాయపడినవారిని ఇంగ్లండు దక్షిణతీరమున నున్న బ్రైటన్ పట్టణమునకు తరలించిరి. అచ్చట నాల్గవ జార్జి రాజు విలాసమునకై కట్టుకొన్న రాయల్ పెవిలియన్ అను మేడ కలదు. దాని శిఖరములు ఉత్తరహిందూస్థానపు నవాబుల కట్టడములను బోలియుండును. ఆ మేడను, ప్రక్కనున్న డోము మందిరమును, ఒక పాఠశాలను, బీదల సత్రపు భవనములను ఆస్పత్రులుగా మార్చిరి. 1914 డిసెంబరు మొదలు 1916 ఆరంభము వరకు సుమారు 12,000 మంది భారతీయ సైనికులు బ్రైటన్‌లో చికిత్స పొందిరి. వారి ఆచారములకు భంగము కలుగకుండ పెవిలియన్ ఆవరణలో తొమ్మిది వంటశాలలు ఏర్పరచిరి. హిందువులకు, ముసల్మానులకు వేరువేరు నీటికుళాయిలు పెట్టిరి.

అందరును కోలుకొనలేదు. మరణించిన ముసల్మానులను వోకింగ్ మసీదునకు సమీపమున ఖననము చేసిరి. హిందువులను, సిక్కులను పట్టణమునకు ఉత్తరముగా పాచమ్ గ్రామము మీది పచ్చిక మెట్టలకు కొనిపోయి దహనము చేసి, అస్థికలను సముద్రమున కలిపిరి. అట్లు ఆ మెట్టపై దహనమయినవారు 53 మంది. తల్లి చూడలేదు, తమ్ముడు కొరివి పెట్టలేదు. తోడి రోగులును, తోటి సిపాయీలును బంధువులై నిలిచిరి.

ఆ చోట ఒక గురుతు నిలుపవలెనను తలపు 1915 లోనే పుట్టినది. ఇండియను మెడికల్ సర్వీసులో నుండిన దాసుగుప్త యను భారతీయ వైద్యుడు సూచింపగా, బ్రైటన్ నగరాధ్యక్షుడు సర్ జాన్ ఆటర్ దానిని చేపట్టెను. బొంబాయికి చెందిన హెన్రిక్స్ అను యువశిల్పి నమూనా గీసెను. సిసిలీ ద్వీపపు తెల్లని చలువరాతితో, ఎనిమిది స్తంభములపై గుమ్మటము గల ఛత్రీని కట్టిరి. చితులు పేర్చిన వేదికల చోట పెద్ద రాతిపలకలు పరచిరి. 1921 ఫిబ్రవరి 1 వ తేదీన వేల్సు యువరాజు దానిని ఆవిష్కరించెను. కృతజ్ఞతావాక్యములు ఇంగ్లీషుననే గాక భారతీయ లిపులలోను చెక్కిరి. గుమ్మటము, స్తంభములు, మెట్లు, శాసనము, అన్నియు నున్నవి. అచ్చట దహనమయినవారి పేర్లు మాత్రము లేవు. అవి దస్త్రములలో నుండెను గాని ఆ స్థలమున లేకుండెను.

ఆవిష్కరణ నాటి సంబరము త్వరలోనే చల్లారినది. కావలివానికై కట్టిన ఇల్లు పాడుబడినది. రెండవ ప్రపంచయుద్ధకాలమున ఆ మెట్టలను సేనల శిక్షణకు వాడిరి; అప్పుడు ఛత్రీకి తుపాకి గుండ్లు తగిలి దెబ్బలుపడినవి. సైనికుల స్మారకమును సైనికుల గుండ్లే గాయపరచినవి! యుద్ధము ముగిసిన పిమ్మట ప్రభుత్వము దానిని బాగుచేయించెను. రాయి బాగుపడినది గాని మనుష్యుల రాకపోకలు లేవు.

అప్పుడు ముందుకు వచ్చినవారు ఆ ప్రాంతపు మాజీ సైనికులు. బ్రిటిష్ లీజియన్ అనునది ఇంగ్లండు మాజీ సైనికుల సంఘము. ఛత్రీ ఆవిష్కరణ జరిగిన 1921 లోనే మే నెలలో అదియు పుట్టినది. 1951 మొదలు ఈ సంఘీయులు ఏటేటా ఛత్రీకి యాత్ర సాగించిరి. ఆ స్మారకమునకు బండిదారి లేదు. పచ్చికబయళ్ల నడుమ కాలిబాటను ఎక్కిపోవలెను. ముదుసలి సిపాయీలు పతాకములు పట్టుకొని ఆ మెట్ట నెక్కి, పూలచక్రములుంచి, బాకా మ్రోయగా మౌనము వహించి, తిరిగి వచ్చెడివారు. వారి జాతి వేరు, మతము వేరు. కందకములలో నిలిచినవాని కష్టము కందకములలో నిలిచినవానికే తెలియును గనుక ఆ యాత్రకు మరియొక కారణము అక్కరలేకపోయినది.

అట్లు దాదాపు అర్ధశతాబ్దము జరిగినది. మాజీ సైనికుల సంఘములకు ఒక విధిలిఖితము కలదు: సభ్యులు ఏటేటా తగ్గుదురే గాని పెరుగరు. మోకాళ్లు సహకరింపవు, పతాకము పట్టు చేయి వణకును. 1999 తో లీజియన్ వారి యాత్ర నిలిచిపోయెను. ఛత్రీ మరల ఒంటరి కావలసినదే. అయితే ఆ పట్టణమున నివసించు ఒక సిక్కు ఉపాధ్యాయుడు ఆ కార్యమును నిలువనీయరాదని పూనుకొనెను. 2000 నుండి స్థానికులు సంఘముగా కూడి జూను మాసమున ఆ స్మృతికార్యమును జరుపుచున్నారు. వృద్ధుల చేతినుండి జారబోయిన పతాకమును మరియొక చేయి అందుకొన్నది.

కడపటికి 2010 సెప్టెంబరులో కామన్‌వెల్తు యుద్ధసమాధుల కమిషను వారు ఛత్రీ సమీపమున ఒక రాతికట్టడము నిలిపి, 53 మంది పేర్లను దానిపై చెక్కించిరి. అంతవరకు ‘భారతీయ సైనికులు’ అను ఒక్క మాటలో కలిసిపోయినవారు ఆనాడు వేరువేరు మనుష్యులైరి. ఛత్రీ పుట్టిన 89 ఏండ్లకు పేర్లు చెప్పి తర్పణము జరిగినట్లయినది.

పేర్లు లేకపోవుట బ్రైటన్‌లో జరిగినది గనుక చిన్న పొరపాటుగా తోచవచ్చును. ఇరాకు దేశమున బస్రా స్మారకమును చూడుడు. 1929 లో ఆవిష్కరింపబడిన ఆ స్మారకమున బ్రిటిషు సిపాయీల పేర్లు చెక్కిరి, భారతీయ అధికారుల పేర్లు చెక్కిరి. సామాన్య భారతీయ సైనికులను మాత్రము పటాలము పేరు క్రింద ఇందరు అని అంకెగా చూపిరి. ఆ మెసొపొటేమియా యుద్ధములో మదరాసు సాపర్లు, మైనర్ల దళములు పనిచేసినవి. ఆ దళములలో తమిళులతో పాటు తెలుగువారును చేరుచుండిరి. 1917 లో ఆ కమిషను ఏర్పడినప్పుడు అధికారికి, సిపాయికి ఒకే గౌరవమను సూత్రమును పెట్టుకొన్నది. ఆ సూత్రము ఆసియా, ఆఫ్రికా జనుల యెడల నెరవేరలేదని 2021 ఏప్రిలులో ఆ కమిషను వారే నివేదిక ప్రకటించి క్షమాపణ చెప్పిరి. 45,000 మొదలు 54,000 వరకు మృతులకు సమానగౌరవము దక్కలేదనియు, అదిగాక తక్కువలో తక్కువ 1,16,000 మందికి పేరుతో గాని, అసలే గాని స్మరణ జరుగలేదనియు అందు కలదు. అంకెకు తల్లి లేదు, ఊరు లేదు. పేరునకు రెండును కలవు.

దీనికి భిన్నమైన దృష్టాంతము ఒకటి పంజాబులో కలదు. 1919 లో అచ్చటి ప్రభుత్వము యుద్ధమునకు పోయినవారి వివరములను గ్రామవారీగా రిజిస్టర్లలో వ్రాయించినది. సుమారు 3,20,000 మంది వివరములు, 26,000 పుటలు. అవి లాహోరు మ్యూజియములో ఏండ్ల తరబడి ఎవరును చదువక పడియుండెను. 2021 లో వానిలో కొంతభాగమును యంత్రములకెక్కించి లోకమునకు అందించుటతో, దూరదేశములలో స్థిరపడిన పంజాబీలు తమ ముత్తాతల పేర్లను తమ ఊరి పుటలలో చూచుకొన్నారు. ఆనాడు గ్రామములలో కూర్చుండి వివరములు వ్రాసిన లేఖకుల శ్రమ నూరేండ్లకు ఫలించినది. పొలము గట్టున రాయి పాతినంతమాత్రమున హద్దు తేలదు. కొలతల పుస్తకమున దాని నమోదు ఉండవలెను. రాయి కదలినను పుస్తకమును బట్టి మరల పాతవచ్చును. పుస్తకము పోయినచో ఉన్న రాయియు మూగదగును.

మన తెలుగుదేశమునకు ఈ పాఠము క్రొత్తది కాదు. ఊరి పొలిమేరలలో కత్తి, డాలు ధరించిన వీరుని బొమ్మతో వీరగల్లులు కానవచ్చును. కొన్నింటిపై శాసనములు కలవు. అవి నేటికిని మాటలాడును. శాసనము లేనివానికి పసుపు కుంకుమలు పూయుదురు గాని ఆ వీరు డెవ్వడో చెప్పగలవారు లేరు. పల్నాటి సంగతి చూడుడు. పన్నెండవ శతాబ్దపు యుద్ధమును స్మరించుచు కారెంపూడిలో నేటికిని కార్తికమాసమున వీరారాధనము జరుగుచున్నది. ఆయుధములకు పూజలు చేయుదురు. వీరవిద్యావంతులు కథ పాడుదురు. బ్రహ్మనాయుడు, బాలచంద్రుడు, కన్నమదాసు అను పేర్లు పామరుల నోళ్లలో సైతము జీవించియున్నవి. ఎందువలన? పాడువారు, పూజించువారు తరతరములుగా ఆ పనికి కట్టుబడియుండుటవలన. రాయి ఒక్కటే ఆ పని చేయజాలదు.

పశ్చిమగోదావరిలో తాడేపల్లిగూడెము చేరువనున్న మాధవరమును జనులు మిలిటరీ మాధవరమని పిలుతురు. రెండు ప్రపంచయుద్ధములకును ఆ ఊరివారు పోయిరి, తరువాతను పోవుచున్నారు. అంత ప్రసిద్ధి లేకున్నను, ఒకరో ఇద్దరో సేనలో చేరని పెద్ద గ్రామము అరుదు. ఆ ఒకరిద్దరి సంగతియే ముందుగా మరుగున పడును.

కావున స్మారకమును తలపెట్టిన మాజీ సైనికులు రాతికి బయానా ఇచ్చుటకు ముందు ఒక పుస్తకము కొనవలెను. పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు, పటాలము, నంబరు, మరణించిన తేదీ, స్థలము అందు వ్రాయవలెను. ప్రపంచయుద్ధములలో మరణించినవారికి కామన్‌వెల్తు కమిషను పట్టికలు కలవు. స్వాతంత్ర్యానంతరము వీరమరణము పొందినవారి పేర్లు 2019 ఫిబ్రవరి 25 న ఢిల్లీలో ఆవిష్కరింపబడిన జాతీయ యుద్ధస్మారకపు రాతిపలకలపై కలవు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయము వారిని విచారింపవచ్చును. ఇంటింట ట్రంకుపెట్టెల అడుగున పింఛను కాగితములు, పతకములు, ఉత్తరములు ఇంకను దొరకును. ముసలమ్మలు జీవించియుండగనే వానిని చూడవలెను.

వ్రాసిన పట్టికను చెక్కించుటకు ముందు ఆయా కుటుంబములవారికి చదివి వినిపింపవలెను. కాగితముపై తప్పును కొట్టివేయవచ్చును. రాతిపై తప్పును కొట్టివేయరాదు. హోదాను బట్టి గాక అకారాదిక్రమమున పేర్లు వేయుట ఉత్తమము. మృత్యువు హోదా చూచి రాలేదు గదా! జెండాదినమగు డిసెంబరు 7 వ తేదీ గాని, ఊరివాడు మరణించిన తిథి గాని, ఒక దినము నిర్ణయించి, ఆనాడు పాఠశాల పిల్లలచేత పేర్లు చదివింపవలెను. బ్రైటన్‌లో పతాకమును అందుకొన్న చేయి అదృష్టవశమున దొరకినది. మన ఊళ్లలో ఆ చేతిని ముందుగనే సిద్ధపరచుకొనుట వివేకము. పదేండ్ల వయస్సున ఆ పేర్లను బిగ్గరగా చదివిన బాలుడు అరువదేండ్లకు సైతము మరువడు.

ఆ పుస్తకపు ప్రతి యొకటి గ్రంథాలయమున భద్రపరుపవలెను. భారతభాగవతములున్న బీరువాలోనే దానికిని చోటు కలదు. పాతికేండ్లు నిలిచిన గ్రంథాలయము మరి పాతికేండ్లకు స్వర్ణోత్సవము జరుపుకొనును. ఆనాడు ఒక యువకుడు వచ్చి, మా ముత్తాత ఏ యుద్ధమునకు పోయెనని అడిగినప్పుడు, గ్రంథపాలకుడు పుట తెరచి వ్రేలితో చూపగలిగినచో, ఆ స్తంభమును నిలిపినవారి సంకల్పము నెరవేరినట్లే.