కాసాయి గట్టున సైకిలు బాట



సుభాష్‌పల్లి నుండి సైకిలుపై ఉత్తరముగా సాగినవారికి సుమారు 10 కిలోమీటర్లలో కంసావతి నది యెదురగును. స్థానికులు దానిని కాసాయి యందురు. ఎఱ్ఱ మొరము నేల అచ్చట ఒండ్రుమట్టిగా మారును. మోహన్‌పూరు ఆనకట్ట కడ వెలువడిన మిద్నాపూరు కాలువ తూర్పుగా ఉలుబేరియా వైపు సాగును. వరిచేలు, చిత్తడి పల్లములు, కొంగలు చూడగా గోదావరి వారికి పుట్టినూరు తలపునకు వచ్చును.

ఈ పోలికకు కారణము లేకపోలేదు. 1852లో ధవళేశ్వరము ఆనకట్టను ముగించిన కాటన్ దొర తరువాత ఒరిస్సా కాలువలకు సలహా నిచ్చెను. ఆ పని చేపట్టిన కంపెనీయే ఈ కాలువను కూడ ఆరంభించెను.

అయితే నదిగట్టు విహారమునకు పోసినది కాదు, వరద నాపుటకు పోసినది. తడిమట్టిపై చక్రములు చేసిన గాడిలో నీరు నిలుచును. ఆ నీరే గట్టును కోయును. గట్టు తెగిన మునుగునవి పల్లెలు. కావున వానకాలమున రోడ్డు మీదను, మాఘమున గట్టు మీదను సాగుట మేలు.