"తప్పు డ్రైవర్‌ది, నాకేం సంబంధం?" అని ఓనర్ అంటే...

పొద్దున 8 గంటలకు గండిమైసమ్మ చౌరస్తాలో ఎప్పుడైనా నిలబడ్డారా? ఒకవైపు కాలేజీ బస్సులు, ఇంకోవైపు టిప్పర్లు, మధ్యలో మన బైకులు. నేను బీటెక్‌లో ఉన్నప్పుడు ఇక్కడే నా క్లాస్‌మేట్ వాళ్ల నాన్నని ఒక టిప్పర్ గుద్దింది. కాలు విరిగింది. ఓనర్ దగ్గరికి వెళ్తే ఒక్కటే మాట: "తప్పు డ్రైవర్‌ది. వాణ్ని పనిలోంచి తీసేసిన. నాకేం సంబంధం?" 20 వేలు చేతిలో పెట్టి, కాయితం మీద సంతకం తీసుకున్నాడు. సాక్షి సంతకం నాదే. నాకప్పుడు కోడింగ్ వచ్చు, చట్టం తెలీదు.

నిజానికి సంబంధం ఉంది. లాయర్లు దీన్ని వికేరియస్ లయబిలిటీ అంటారు. పనివాడు యజమాని పని చేస్తూ తప్పు చేస్తే, నష్టపరిహారం యజమాని కూడా కట్టాలి. ఎందుకు? డ్రైవర్‌ని పెట్టుకున్నది ఆయనే, ట్రిప్పుకి పంపింది ఆయనే, కిరాయి డబ్బులూ ఆయనకే. లాభం తీసుకున్నవాడు నష్టం కూడా మోయాలి కదా!

"నేను జాగ్రత్తగా నడపమనే చెప్పా" అంటే? కుదరదు. 1862లో లండన్‌లో ఇదే జరిగింది. వేరే బస్సులకు అడ్డం వెళ్లొద్దని గుర్రపు బస్సుల కంపెనీ డ్రైవర్లకి రూల్ పెట్టింది. ఒక డ్రైవర్ వినలేదు. అయినా కోర్టు కంపెనీనే కట్టమంది. ఎందుకంటే అతను చేస్తున్నది కంపెనీ పనే.

అలాగని ప్రతిదానికీ యజమాని బాధ్యుడు కాడు. తెలిసినవాడు కదా అని ఒకావిడ తన ఖాతాలో వేయమని బ్యాంకు ఉద్యోగికి డబ్బులిచ్చింది. అతను వాడేసుకున్నాడు. 1978లో సుప్రీంకోర్టు స్టేట్ బ్యాంక్‌కి బాధ్యత లేదంది. అతను తీసుకున్నది బ్యాంకు ఉద్యోగిగా కాదు, తెలిసినవాడిగా. అందుకే డబ్బులు కౌంటర్‌లోనే కట్టి, రసీదు తీసుకోండి.

మరి యజమాని ప్రభుత్వమే అయితే? అప్పటి కర్నూలు జిల్లా కేసు చూడండి. 1977 మే నెలలో కోయిలకుంట్ల సబ్‌జైల్లో ఉన్న తండ్రీకొడుకులపై రాత్రిపూట బాంబులు వేశారు. తండ్రి చనిపోయాడు, కొడుకు చల్లా రామకృష్ణారెడ్డి గాయాలతో బయటపడ్డాడు. ప్రాణభయం ఉందని వాళ్లు ముందే చెప్పుకున్నా సరైన కాపలా లేదు. జైలు నడపడం సార్వభౌమాధికారం, మమ్మల్ని అడగకూడదని ప్రభుత్వం వాదించింది. హైకోర్టు ఒప్పుకోలేదు, 1,44,000 రూపాయలు కట్టమంది. 2000లో సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసింది. ఖైదీ ప్రాణం కూడా ప్రాణమే. కానీ గమనించండి, ఆ తీర్పుకి 23 ఏళ్లు పట్టింది.

రోడ్డు ప్రమాదాలకి ఇంకో దారి ఉంది, మోటారు ప్రమాదాల క్లెయిమ్స్ ట్రిబ్యునల్. మీరు ఉండే చోటే వేయొచ్చు. డ్రైవర్‌తో పాటు ఓనర్‌నీ, ఇన్సూరెన్స్ కంపెనీనీ చేర్చాలి. బండి నంబర్ ఫోటో తీయండి, ఎఫ్‌ఐఆర్ కాపీ, ఆసుపత్రి బిల్లులు దాచుకోండి. చట్టంలో 6 నెలల గడువు ఉంది, లేట్ చేయొద్దు. లాయర్‌కి డబ్బుల్లేవా? ఉచిత న్యాయ సహాయం కోసం 15100కి ఫోన్ చేయండి.

ముఖ్యంగా, ఎవరైనా చేతిలో డబ్బు పెట్టి సంతకం అడిగితే, ముందు ఆ కాయితం లాయర్‌కి చూపించండి. అంకుల్ ఇప్పటికీ కుంటుతూనే నడుస్తారు. కనిపించిన ప్రతిసారీ నాకు ఆ కాయితమే గుర్తొస్తుంది. మీ ఇంట్లో బండి తీసే ప్రతి ఒక్కరికీ ఈ వీడియో పంపండి. మళ్లీ కలుద్దాం, బాయ్.