జమలో రాయని చదువు

(వాడరేవులో చేపల వ్యాపారం చేసే స్త్రీలు, పొదుపు సంఘాల సభ్యులు, స్వచ్ఛంద సంస్థల కార్యకర్తలు కలిసిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



తక్కువ ఖర్చుతో, ఇల్లూ పనీ వదలకుండా స్త్రీలు వ్యాపార డిగ్రీ ఎట్లా సంపాదించుకోవచ్చు? నన్ను మాట్లాడమన్నది దీని గురించే. ఈ విషయంలో ‘క్రెడిట్’ అనే మాట పదే పదే వస్తుంది. పొద్దున రేవు దగ్గర ఒకామెను ఆ మాటకు అర్థం అడిగాను. “అప్పు” అంది, తడుముకోకుండా. తప్పు లేదు. మనకు ఆ మాట అప్పుగానే తెలుసు. అయితే లెక్కల పుస్తకంలో క్రెడిట్ అంటే జమ. యూనివర్సిటీ వాడుకలోనూ అంతే. మీరు నేర్చుకున్నదాన్ని పరీక్షించి మీ ఖాతాలో రాసే జమ అది.

అదే ఆమె నాతో ఇంకో మాట కూడా అంది. సంఘాల సమాఖ్యలో లెక్కలు రాసే ఉద్యోగం ఉందంటే వెళ్ళిందట. డిగ్రీ లేదని పంపేశారట. “నాకు లెక్కలు రావంటే ఎట్టా మేడమ్? రాకపోతే ఇరవై ఏళ్ళు యాపారం ఎట్టా చేశాను?” అంది. ఈ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది ఆమె కాదు, మన చదువుల వ్యవస్థ. వేలంపాటలో సరుకు చూసి ధర కట్టడం, ఐసు ఖర్చు, ఆటో ఖర్చు తీసేసి చీరాల బజారులో ఏ రేటుకు అమ్మితే మిగులుతుందో లెక్కగట్టడం, అప్పు తెచ్చిన డబ్బుకు రోజువడ్డీ వేసుకోవడం, అమ్ముడుపోని చేపను ఉప్పుచేప చేసి నష్టం తగ్గించుకోవడం వ్యాపార శాస్త్రం కాక మరేమిటి? పుస్తకంలో చదివినవాడికి ఇది చదువు. ఒడ్డున నేర్చుకున్న స్త్రీకి ఇది ‘అలవాటు’. చదువు ఎవరిది, ఎక్కడ నేర్చుకున్నది అన్నదాన్ని బట్టి దాని విలువ మారిపోతోంది.

ఎక్కడ నేర్చుకున్నావని అడగకుండా ఏం వచ్చునో మాత్రమే అడిగే పరీక్ష స్త్రీలకు పెద్ద తలుపు. ఆ తలుపు పాతదే. 1858లో లండన్ యూనివర్సిటీ, కాలేజీకి రాకపోయినా పరీక్ష రాసి డిగ్రీ పొందవచ్చునంది. అయితే ఆ యూనివర్సిటీ డిగ్రీలు స్త్రీలకు అందింది 1878లో. తలుపు తీశాక కూడా మనం ఇరవై ఏళ్ళు గుమ్మం బయటే నిలబడ్డామన్నమాట.

మన దగ్గర దుర్గాబాయి కథ అందరికీ తెలిసిందే, కానీ ఈ కోణంలో తక్కువగా చెప్పుకుంటాం. 1909లో రాజమండ్రిలో పుట్టి, చిన్నప్పుడే పెళ్ళి, ఉప్పు సత్యాగ్రహంలో జైలు. బయటికి వచ్చాక ప్రైవేటుగా చదువుకుని బెనారస్ మెట్రిక్ రాసింది. ఆ తర్వాతే ఆంధ్రా యూనివర్సిటీ, మద్రాసులో లా. తను దాటిన దారినే మిగతా ఆడపిల్లలకూ చూపించింది. 1937లో మద్రాసులో మొదలైన ఆంధ్ర మహిళా సభ తొలి పనుల్లో ఒకటి, బెనారస్ మెట్రిక్‌కు స్త్రీలను తయారుచేయడం. తర్వాత కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు 1958లో, చదువు మధ్యలో ఆగిన స్త్రీల కోసం సంక్షిప్త కోర్సులు పెట్టింది. ఆ బోర్డుకు మొదటి అధ్యక్షురాలు ఆమే. 1982లో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం మన రాష్ట్రంలో వచ్చింది. 1991 నుంచి దానికి అంబేద్కర్ పేరు. తెలుగులో చదివి డిగ్రీ పూర్తిచేసే వీలు అది కల్పించింది. అంటే ఈ కోరిక మనకు కొత్తది కాదు, బయటినుంచి వచ్చిందీ కాదు.

అమెరికాలో దీన్ని ఇంకా ముందుకు తీసుకెళ్ళారు. 1967 నుంచి అక్కడ క్లెప్ అనే పరీక్షలున్నాయి. ఒక సబ్జెక్టు మీకు ఎట్లా వచ్చినా సరే, గంటన్నర పరీక్ష నెగ్గితే ఒప్పుకున్న కాలేజీలు ఆ క్రెడిట్లు జమ వేస్తాయి. 1970ల మొదట్లో న్యూయార్కు, న్యూజెర్సీ రాష్ట్రాల్లో ఇట్లాంటి క్రెడిట్లు కూడబెట్టి డిగ్రీ ఇవ్వడానికే ప్రత్యేకంగా సంస్థలు పెట్టారు. ఆ పద్ధతి ఉన్నదున్నట్టుగా మనకు లేదు. అక్కడి పరీక్ష రాసి ఇక్కడ డిగ్రీ తెచ్చుకోవచ్చునని ఏ ఏజెంటు చెప్పినా నమ్మకండి. మనకున్నవి వేరే మెట్లు. వాటిని వరసగా చెబుతాను.

మొదటి మెట్టు ఇంటర్మీడియట్. ఒకప్పుడు సార్వత్రిక విశ్వవిద్యాలయంలో, బడికి వెళ్ళనివారు కూడా అర్హత పరీక్ష నెగ్గితే డిగ్రీలో చేరేవారు. ఇప్పుడు యూజీసీ నిబంధనల ప్రకారం పన్నెండేళ్ళ చదువు లేదా దానికి సమానమైనది ఉండాలి. అది లేనివారికి ఓపెన్ స్కూలు ఉంది. 1991లో ఏర్పడిన మన రాష్ట్ర సార్వత్రిక విద్యాపీఠం పదో తరగతి, ఇంటర్ పెడుతోంది. జాతీయ ఓపెన్ స్కూలులో ఒకసారి చేరితే ఐదేళ్ళలో తొమ్మిదిసార్లు పరీక్ష రాసుకోవచ్చు. పాసైన సబ్జెక్టు మళ్ళీ రాయనక్కర్లేదు. ఒక్కొక్కటిగా గట్టెక్కవచ్చు. డిగ్రీకి కామర్సు చదవాలనుకున్నవారు ఇంటర్‌లోనే అకౌంటెన్సీ తీసుకోండి.

రెండో మెట్టు, ఏ డిగ్రీ, ఎక్కడ అన్నది. బీకాం, బీబీఏ రెండూ వ్యాపార చదువులే. 2024 నుంచి బీబీఏ సాంకేతిక విద్యామండలి పరిధిలోకి వచ్చింది. కాబట్టి బీబీఏ అయితే ఆ అనుమతి కూడా ఉందా అని అడగాలి. దూరవిద్యలో కోర్సు పెట్టే ప్రతి యూనివర్సిటీకీ, ప్రతి కోర్సుకూ యూజీసీ దూరవిద్యా విభాగం అనుమతి ఉండాలి. ఆ జాబితా యూజీసీ ప్రకటిస్తుంది. ఏ విడతలో చేరుతున్నారో ఆ విడత జాబితాలోనే పేరు చూడండి. 2024 నుంచి దూరవిద్యలో చేరేవారు ముందుగా డెబ్ ఐడీ తీసుకోవాలి. ఇంకో మాట. రాష్ట్ర విభజన చట్టం ఉన్నత విద్యలో ఉమ్మడి ప్రవేశాలకు ఇచ్చిన పదేళ్ళ గడువు 2024 జూన్ 2తో ముగిసింది. కాబట్టి హైదరాబాదులోని సార్వత్రిక విశ్వవిద్యాలయం గురించి ఆలోచించేవారు, మన వైపు ప్రవేశం ఉందా, పరీక్షా కేంద్రం ఎక్కడ అని తేల్చుకుని డబ్బు కట్టండి. ఇగ్నోకు, నాగార్జున యూనివర్సిటీ దూరవిద్యకు కూడా ఇవే ప్రశ్నలు. ఏ భాషలో పుస్తకాలిస్తారో, ఏ భాషలో జవాబులు రాయనిస్తారో కూడా అడగండి. ఇంటర్ దాకా తెలుగులో చదివి డిగ్రీలో ఇంగ్లీషు పుస్తకం చేతికొచ్చాక ఆగిపోయినవాళ్ళు మనలోనే ఉన్నారు.

మూడో మెట్టు ఆన్‌లైన్ కోర్సులు. 2017లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ‘స్వయం’లో పాఠాలు ఉచితం. పరీక్షకు మాత్రమే రుసుము. 2021 నిబంధనల ప్రకారం, ఒక సెమిస్టరులోని కోర్సుల్లో నూటికి నలభై వంతుల వరకు స్వయం ద్వారా చదివి, ఆ క్రెడిట్లు డిగ్రీలో కలుపుకోవచ్చు. అదే ఏడాది అకడమిక్ బ్యాంకు వచ్చింది. సంపాదించిన క్రెడిట్లు అందులో మీ పేరున జమ అవుతాయి. మామూలుగా ఏడేళ్ళు చెల్లుతాయి. అంటే కాన్పు వచ్చినా, ఊరు మారినా, అప్పటిదాకా చదివింది నీళ్ళపాలు కాదు. అయితే ఒక షరతు. ఏ కోర్సును కలుపుకోవాలో చెప్పేది మీరు చేరిన యూనివర్సిటీ. ముందుగా రాతపూర్వకంగా అడగకుండా పరీక్ష ఫీజు కట్టవద్దు.

ఇప్పుడు ఖర్చు లెక్క. తక్కువ ఖర్చు డిగ్రీ అనగానే అందరూ ఫీజు చూస్తారు. మీరు నాలుగు గళ్ళు గీయండి. ఒకటి కోర్సు ఫీజు, రెండు పరీక్ష ఫీజులు, మూడు ప్రయాణం, నాలుగు పోగొట్టుకున్న కూలి. ఏడాదికి పది రోజులు పరీక్షలకు పోతాయనుకుందాం. మూడేళ్ళకు ముప్పై రోజుల గంప కింద పెట్టినట్టే. ఫీజు తక్కువని దూరపు పరీక్షా కేంద్రం ఎంచుకుంటే నాలుగో గడి మొదటి గడిని మింగేస్తుంది. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ఇగ్నో కొన్ని కోర్సుల్లో ఫీజు మినహాయింపు ఇస్తూ వచ్చింది. చేరే విడతలో అది ఉందేమో తప్పక అడగండి.

డబ్బు కన్నా కష్టమైన లెక్క కాలానిది. మూడేళ్ళ డిగ్రీకి 120 క్రెడిట్లు. జాతీయ క్రెడిట్ విధానం ప్రకారం ఒక్కో క్రెడిట్‌కు 30 గంటల శ్రమ. మొత్తం 3,600 గంటలు. మూడేళ్ళలో పూర్తిచేయాలంటే రోజుకు సుమారు మూడుంబావు గంటలు. ఆరేళ్ళకు సర్దుకుంటే రోజుకు గంటా నలభై నిమిషాలు. ఈ గంటలు ఎక్కడినుంచి తెస్తాం? 2024 జాతీయ కాలవినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసే స్త్రీ రోజుకు 289 నిమిషాలు కూలిలేని ఇంటిపనికి పెడుతోంది. ఇంటిపని చేసే మగవాడు 88 నిమిషాలు. తేడా 201 నిమిషాలు. గంటల్లోకి మార్చండి. మూడు గంటల ఇరవై ఒక్క నిమిషాలు. సరిగ్గా ఒక డిగ్రీకి కావలసినంత కాలం! స్త్రీలకు చదువుకోవడానికి తీరిక లేదంటారు. తీరిక లేకపోవడం కాదు, ఆ తీరిక ఇంట్లో ఇంకొకరి దగ్గర ఉంది. కాబట్టి చదువు ప్రణాళిక రాసుకునే కాగితం మీద అంట్లు ఎవరు తోముతారు, నీళ్ళు ఎవరు పడతారు అన్నది కూడా రాయాలి. ఆ వరస లేని ప్రణాళిక రెండో పేపరు దగ్గరే ఆగుతుంది.

ఏడాది లెక్కా ఉంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. వేటకు వెళ్ళేవారికి నిషేధ భృతి ఉంది, గంప మోసేవారి పేరు అందులో లేదు. అది వేరే పోరాటం. ఆ రెండు నెలలు రేవు స్త్రీలకు చదువు నెలలు కావచ్చు. ఇగ్నో పరీక్షలు జూన్, డిసెంబరుల్లో జరుగుతాయి. మీరు జూన్‌కు ఎక్కువ పేపర్లు పెట్టుకోండి. లోపలి మెట్ట ఊళ్ళలో డిసెంబరంటే పత్తితీత, సంక్రాంతి దాటాక మిరపకోతలు. ఆ కూలీ స్త్రీలు డిసెంబరులో ఒకటి రెండు పేపర్లతో సరిపెట్టుకోవాలి. ఎవరి పనిని బట్టి వాళ్ళ ప్రణాళిక.

ఇక ఫోను. ఆన్‌లైన్ చదువు అందరికీ అందుబాటు అంటున్నారు. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో, మన రాష్ట్రంలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడామన్న స్త్రీలు నూటికి 21 మంది, పురుషులు దాదాపు 49 మంది. ఆ తర్వాత ఫోన్లు పెరిగాయి, నిజమే. కానీ ఇంట్లో ఉన్న ఒక్క ఫోను ఎవరి జేబులో ఉంటుంది? రాత్రి పది తర్వాత ఆమె ఫోను చూస్తుంటే ఇంట్లో ఏమనుకుంటారు? కార్యకర్తలు ఈ ప్రశ్న వదిలిపెట్టి ‘డిజిటల్ శిక్షణ’ ఇస్తే లాభం లేదు. సంఘం గదిలో ఒక కంప్యూటరు, సాయంత్రం రెండు గంటల సామూహిక చదువు, చంటిపిల్లలను చూసుకునే ఒక మనిషి ఉంటే, ఐదుగురు స్త్రీలు కలిసి ఒక పేపరు గట్టెక్కుతారు. 1991-92లో నెల్లూరు జిల్లాలో రాత్రిబడికి వచ్చిన స్త్రీలు అక్షరాలతో ఆగలేదు, సారా మీద యుద్ధానికి లేచారు. గుంపుగా చదివిన చదువు అక్కడ ఉద్యమమైంది.

డిగ్రీ వస్తే ఉద్యోగం వచ్చి తీరుతుందని నేను చెప్పను. బ్యాంకులో, సమాఖ్యలో, ఎగుమతి కంపెనీలో మన మాటకు విలువ రావడానికి ఒక కాగితం కావాలి. ఆ కాగితం లేదనే సాకు వాళ్ళ చేతిలోంచి లాగేసుకోవాలి, అంతే. అట్లాగే, కాగితం లేని స్త్రీ తెలివితక్కువదన్న మాటను ఒప్పుకోకూడదు. రెండు పనులూ కలిసే సాగాలి.

అందుకే ఈ సమావేశం నుంచి కొన్ని కోరికలు వెళ్ళాలి. తెలుగులో వ్యాపార డిగ్రీ, మన జిల్లాలోనే పరీక్షా కేంద్రం. పరీక్ష తేదీలు వేసేటప్పుడు వేట, కోతల కాలం చూడాలి. అన్నిటికన్నా ముఖ్యం, 2023 జాతీయ క్రెడిట్ విధానంలో, పని అనుభవంతో నేర్చినదాన్ని కూడా పరీక్షించి క్రెడిట్ ఇవ్వవచ్చునని రాశారు. ఆ వాక్యాన్ని వాడరేవుకు తీసుకురమ్మని అడుగుదాం. ఉప్పుచేప వ్యాపారం ఇరవై ఏళ్ళు చేసిన స్త్రీకి పరీక్ష పెట్టండి. నెగ్గితే జమ వేయండి. ఆమె దయ అడగడం లేదు. ఇన్నాళ్ళూ ఖర్చు వైపు మాత్రమే రాసిన పుస్తకంలో, తనకు రావలసిన జమ రాయమంటోంది.