ఒక్కదాని వెల



భాస్కరాచార్యుడు 1150లో రచించిన లీలావతీ గణితమున ఒక లెక్క గలదు. నిష్కములో 3/7 వంతుకు రెండున్నర పలముల కుంకుమపువ్వు వచ్చును, తొమ్మిది నిష్కములకెంత?

భిన్నమును తలక్రిందులు చేసి గుణింపుమని బాలునకు చెప్పుదురు, ఏలనో చెప్పరు. వాడు వల్లించును, మరచును. కారణమిది: మూడు వంతులకు 5/2 పలములైన, ఒక వంతుకు 5/6, ఏడు వంతులు కూడిన నిష్కమునకు 35/6. తొమ్మిది నిష్కములకు యాబదిరెండున్నర పలములు.

ముప్పావు కిలో కూరగాయలు 36 రూపాయలైన పావు కిలో 12, కిలో 48 అని బజారులోనే బిడ్డచేత చెప్పించు తల్లిదండ్రులు వానికి సూత్రమును గాక వివేకమును ఒసగినవారగుదురు.