చేతి రికార్డరులోని పాటలను భద్రపరచుట
(పాఠశాల వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



సంగీతమునుగూర్చి నాలుగు మాటలు చెప్పుమని మమ్ము కోరిరి. రాగతాళములను వివరింపగల విద్వాంసులు ఈ త్యాగరాయనగరమున వీథికొకరున్నారు. మేము చెప్పదలచినది అంతకంటె చిన్న విషయము: పాడిన పాట చేతి రికార్డరులో చేరిన పిమ్మట దాని గతి యేమి?

ఈ నగరమునకు పేరైన పిట్టి త్యాగరాయ సెట్టిగారు తెలుగువారు. ఇక్కడి పార్కునకు పేరైన పానగల్ రాజావారును తెలుగువారే. అయినను నేడు మన యిండ్లలో తెలుగు మాటాడు పిల్లలందరును తెలుగు చదువలేరు. నాయనమ్మలకు వచ్చిన మంగళహారతులు, లాలిపాటలు, అప్పగింతల పాటలు పుస్తకముల కెక్కనివి పెక్కు గలవు. వానిని మీరు రికార్డరులో పట్టుచున్నారు, సంతోషము. కాని ఆ పాటకు లోకమున గల ఒకే ఒక ప్రతి ఆ గోరంత కార్డులో నున్నదని యెందరు తలచుచున్నారు?

అన్నమాచార్యులవారి సంకీర్తనలు రాగిరేకులపై చెక్కబడినందుననే 1922లో తిరుమలపై మరల వెలుగు చూచినవి. ఆయన 32,000 రచించెనని ప్రతీతి. దొరకినవి అందులో సగమునకు లోపే. త్యాగరాజస్వామివారు 1847లో సిద్ధిపొందిరి. వారి కృతులు వాలాజాపేట, ఉమయాళపురము, తిల్లస్థానము అను మూడు శిష్యపరంపరలలో నిలిచినవి. వాలాజాపేటవారి వ్రాతప్రతులు మధుర సౌరాష్ట్ర సభకు చేరినవి. నేటి కంప్యూటరు నిపుణుల సూత్రమును దాదాపు ఇట్టిదే: మూడు ప్రతులుండవలెను, అవి రెండు విధములగు సాధనములపై నుండవలెను, ఒకటి వేరు తావున నుండవలెను.

వేరు తావు ఎందులకందురా? 2015 డిసెంబరులో అడయారు పొంగి సైదాపేట, కొట్టూరుపురము ఇండ్లలోనికి నీరు వచ్చినది. ఒకే బీరువాలో నుంచిన మూడు ప్రతులు అట్టినాడు ఒక్క ప్రతితో సమానము. చెన్నపట్నమున నొకటి, నెల్లూరనో గుంటూరనో చుట్టముల యింట నొకటి ఉంచుడు.

పాట పట్టిన దినముననే దానిని కంప్యూటరులోని కెక్కింపుడు. ఎక్కించిన వెంటనే కార్డును తుడువవలదు. ప్రతిని తెరచి మొదలు, నడుమ, తుద వినుడు. ఫైలు పరిమాణము సరిపోయినదో లేదో చూడుడు. రెండవ ప్రతియు ముగిసిన పిమ్మటనే కార్డును ఖాళీ చేయుడు. వ్రాత ముగియకమునుపే తీగను లాగినచో ఫైలు చెడును.

గంటసేపటి పాట సీడీ నాణ్యత గల వేవ్ ఫైలుగా సుమారు 635 మెగాబైట్లగును. 128 కిలోబిట్ల ఎం.పి.3గా 58 మాత్రమే. అయితే ఎం.పి.3 విడిచిపెట్టిన ధ్వని మరల రాదు. మూలమును వేవ్‌గా నుంచుకొని, బంధువులకు పంపుటకు ఎం.పి.3 చేసికొనుడు. చోటు చాలదని మూలమునే కుదించుట మాకు నచ్చదు. కార్డుల వెల అంత యెక్కువేమియు కాదు.

ఇక పేర్లు. యంత్రము తనంత తాను 0001, 0002 అని పెట్టుకొనిపోవును. ఆరునెలల పిదప 0017లోని గొంతుక యెవరిదో ఎవరు చెప్పగలరు? సంవత్సరము, నెల, తేది ముందు వ్రాసి, పిదప పాట పేరు, పాడినవారి పేరు చేర్చినచో ఫైళ్లు తమంత తాము వరుసలో నిలుచును. కొన్ని రికార్డరులు తెలుగు లిపిని చూపలేవు. కావున తెలుగులో నొక పట్టిక నోటుపుస్తకమున నుంచుడు. బ్యాటరీ పూర్తిగా దిగిపోయినచో కొన్నింటి గడియారము మొదటికి వచ్చి, ఫైలుకు తప్పు తేది పడును. అందుచేత పాటకు ముందు పేరు, పుట్టిన ఊరు, తేది పాడువారి నోటనే చెప్పింపుడు. అమ్మమ్మ తన ఊరిపేరు పలుకు తీరు ఒక్కొక్కప్పుడు పాటకంటెను విలువైనది.

పొరపాటున తుడిచినచో దిగులుపడి మరల రికార్డు చేయవలదు. తుడిచినప్పుడు సాధారణముగా చెరుగునది పట్టికలోని పేరు మాత్రమే. దానిపై క్రొత్తది పడువరకు ధ్వని కార్డులోనే యుండును. వెంటనే యంత్రము నాపి కార్డు తీసి, ఫైళ్లను తిరిగి తీయు ప్రోగ్రాము తెలిసినవారి కిండు.

రికార్డరులు తెచ్చిన పిల్లలు సభ ముగిసిన పిదప గ్రంథాలయపు గదికి రండు. తీగలు, రెండు హార్డ్ డిస్కులు అచ్చట సిద్ధముగా నున్నవి. పెద్ద కార్డు గలవారు దాని ప్రక్కనున్న చిన్న మీటను లాకు వైపునకు జరిపి తెండు.