వెన్నెముకయు మనస్సును



1895వ సంవత్సరమున అమెరికాలోని డావెన్‌పోర్ట్ పట్టణమందు డేనియల్ డేవిడ్ పామర్ అను చికిత్సకుడు, చెవుడుగల హార్వే లిల్లార్డ్ అను పనివాని వెన్నుపూసను చేతితో నొక్కి సరిచేసెననియు, వానికి వినికిడి వచ్చెననియు ప్రతీతి. కైరోప్రాక్టిక్ అను హస్తచికిత్స అట్లు పుట్టినది.

దేహమున సహజప్రజ్ఞ యొకటి కలదనియు, అది నరములద్వారా అవయవముల నేలుననియు, పూస తొలగి నరము నొత్తినచో రోగము పుట్టుననియు పామర్ మతము. ఇది వినినంతనే మనవారు సుషుమ్నను తలంతురు. తొందర వలదు. సుషుమ్న ధ్యానగమ్యము, నరములన్ననో, కోసి చూపదగినవి. చూచినవారు చెప్పునదేమనగా, వెన్నునుండి 31 జతల నరములు వెలువడును గాని, శ్రవణనరము వానిలోనిది కాదు. అది మెదడు మొదటినుండి నేరుగా చెవికి పోవును. కావున పామర్ చెప్పిన కారణము నిలువదు.

అట్లని మనస్సునకు దేహమునకు లంకె లేదనరాదు. పరీక్షనాడు పిల్లవానికి వచ్చు కడుపునొప్పి నటన కాదు. భయము నరములవెంబడి దిగి ప్రేగులను కదల్చును. నమ్మిన చేయి వెన్నుపై పడినప్పుడు నొప్పి తగ్గుటయు అట్టిదే. దానికి పూస తొలగియుండ నక్కఱలేదు. నడుమునొప్పికి ఈ చికిత్సవలన కొంత ఉపశమనము కలుగునని పరిశోధనలు చూపినవి. చెవుడు, ఉబ్బసములకు అట్టి నిదర్శనము లేదు.

మెడ సంగతి వేఱు. విసురుగా త్రిప్పినప్పుడు మెదడునకు పోవు రక్తనాళము చీలి పక్షవాతము వచ్చుట అరుదుగానైనను కలదు. క్షౌరశాలలో వేడుకకై మెడ మెటికలు విఱిపించుకొనువారు దీనిని ఎఱుగరు. నడుమునొప్పితో కాళ్లు స్వాధీనము తప్పినను, మూత్రము బిగిసినను, మర్దనలకు పోక రోగిని ఆనాడే ఆసుపత్రికి చేర్చవలెను.