కొత్త పనిపద్ధతి ఎక్కడ నిలుస్తుంది, ఎక్కడ కూలుతుంది

(భిలాయ్ క్యాంప్ 1లో రైల్వే, తపాలా ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



'ఎజైల్' అనే మాట నేడు కంప్యూటర్ కంపెనీల గడప దాటి ఇతర సంస్థలకూ వ్యాపించింది. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో 17 మంది సాఫ్ట్‌వేర్ నిపుణులు సమావేశమై ఒక చిన్న ప్రకటన వెలువరించారు. దాని సారాంశం కష్టమైనదేమీ కాదు. యేళ్ల తరబడి గదిలో కూర్చుని వ్యవస్థనంతటినీ తయారుచేసి, ఒక్కసారిగా ఉద్యోగి నెత్తిన దించవద్దు. కొద్దికొద్దిగా చేసి, వాడేవాని చేతిలో పెట్టి, అతడు చూపిన లోపాన్ని సరిదిద్దుతూ ముందుకు సాగాలి. కొలిమి వేడి కొలిమి దగ్గర నిలిచినవానికే తెలుస్తుందని ఈ ఉక్కు నగరంలో ఎవరికీ చెప్పనవసరం లేదు.

మరి ఇంత సులభమైన పద్ధతి అనేక సంస్థలలో ఎందుకు విఫలమవుతున్నది? రూపాన్ని తెచ్చుకుని, అధికారాన్ని పంచకపోవడం వలననే అని నా అభిప్రాయం. రోజూ ఉదయం పదిహేను నిమిషాలు నిలబడి, పనికి యేది అడ్డుగా వున్నదో చెప్పుకోవడం ఈ పద్ధతిలో ఒక ఆచారం. నేను చూచిన ఒక కార్యాలయంలో అది హాజరు పిలుపుగా, ఆపైన సంజాయిషీగా మారింది. లోపం చెప్పినవానికే మెమో అందింది. మూడవ వారానికి అందరూ "అంతా సవ్యంగానే వున్నది" అనసాగారు. గోడమీద బోర్డు మాత్రం రంగురంగుల చీటీలతో కళకళలాడుతూనే వుండేది!

మన రైల్వేల అనుభవం చూడండి. కంప్యూటర్ రిజర్వేషన్ 1986 నాటికి ఢిల్లీలో మొదలైంది. ఆ తరువాత వెలసిన కేంద్రాలు చాలాకాలం వేటికవే వేరుగా పనిచేశాయి. వాటన్నిటినీ కలపగల 'కాన్సర్ట్' వ్యవస్థను 1994లో మొదట మన సికింద్రాబాదులో నెలకొల్పారు. అక్కడ నిలద్రొక్కుకున్న తరువాతనే మిగతా కేంద్రాలకు తీసుకొనిపోయి, 1999లో అయిదింటినీ అనుసంధానించారు. ఎజైల్ అన్న పేరు అప్పటికి పుట్టనే లేదు.

తపాలా శాఖలోని ఏ.పి.టి. వ్యవస్థ ఇటీవలి ఉదాహరణ. దీనిని శాఖకు చెందిన మైసూరు సాంకేతిక కేంద్రమే రూపొందించింది. 2025 మే, జూన్ నెలలలో కర్ణాటక సర్కిలులో ప్రయోగించి, బయటపడిన చిక్కులను సరిదిద్ది, విడతలవారీగా 23 సర్కిళ్లకు విస్తరించారు. ఆగస్టు 4తో అది ముగిసింది. 4.6 లక్షల మందికి పైగా శిక్షణ ఇచ్చారు. వ్యవస్థ మారే వేళ లావాదేవీలు నిలిపి ఉద్యోగికి కొంత ఊపిరి ఇచ్చారు. ఇవన్నీ మెచ్చదగినవే. అయినప్పటికీ తొలి రోజులలో అనేకచోట్ల సర్వర్లు మందగించాయి, క్యూలు పెరిగాయి. ఆ క్యూలో జనం చేత మాట పడినది కౌంటరు గుమాస్తాయే కాని, ప్రోగ్రాము వ్రాసినవాడు కాదు.

కనుక రేపు మరొక కొత్త వ్యవస్థ వచ్చినప్పుడు మనం దానిని వ్యతిరేకించాలా, ఆహ్వానించాలా అన్నది తరువాతి మాట. శిక్షణ డ్యూటీ వేళలలోనా, సెలవు రోజునా? కౌంటరులో కనిపించిన లోపం ప్రోగ్రామరుకు చేరడానికి ఎన్ని రోజులు పడుతుంది? చేరిన తరువాత, సరిచేశామన్న జవాబు తిరిగి వస్తుందా? పాత పద్ధతిని ఎన్నాళ్లు పక్కన సిద్ధంగా వుంచుతారు? అన్నిటికంటె ముందు, ప్రయోగానికి ఎంచుకున్నవి నగరంలోని పెద్ద కార్యాలయాలేనా, లేక సిగ్నలు కోసం వీధిలోకి నడిచే గ్రామీణ డాక్ సేవకుని బ్రాంచి ఆఫీసు కూడా అందులో వున్నదా? ఈ ప్రశ్నలు ఉత్తర్వు వెలువడక ముందే వ్రాతపూర్వకంగా అడగవలసి వున్నది.